తొమ్మిదో ఆప్షన్

మానసకు పీజీ ర్యాంకు వచ్చిన వారం మా కాలనీ సంఘం ఆమెకు శాలువా కప్పింది. శాలువా వరకు బాగానే ఉంది. సంఘం అధ్యక్షుడు ఉప్పలయ్య మైకు అందుకున్నాకే చిక్కొచ్చి పడింది. "మన మానస బిడ్డ పెథాలజీల ఎండీ జేస్తదట. అంటే ఇగ మన కాలనీల ఎవ్వలు షుగరు పరీక్షకు బయటికి పోవుడు లేదు!" అని ప్రకటించేశాడు. మర్నాడు తెల్లారేసరికి మానస ఇంటి ముందు ఏడుగురు పెద్దమనుషులు వరసగా నిలబడ్డారు, చేతుల్లో రకరకాల సీసాలతో. ఒకాయన దగ్గుమందు సీసా కడిగి తెచ్చాడు. ఒకావిడ తొక్కు డబ్బాలో తెచ్చింది. మానస ఒక్కర్నీ కసురుకోలేదు. అందరి సీసాల మీదా పేర్లు రాసి, సర్కారు దవాఖానలో ఎక్కడ ఇవ్వాలో, ఎన్ని గంటలకు ఇవ్వాలో చెప్పి పంపించింది.

నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ ఏడుగురిలో నేనూ ఉన్నాను.

నాచారంలో కంపెనీలకు పోయే దారిలో నాకొక జిరాక్స్, ఇంటర్నెట్ దుకాణం ఉంది. మానస తండ్రి సాంబయ్యది మా వెనక గల్లీ. జనగామ పక్క పల్లె నుంచి ముప్పై ఏళ్ళ కింద వచ్చి ఇక్కడొక ప్లేటింగ్ కంపెనీలో కుదిరాడు. నల్లాలకు, తలుపు గొళ్ళాలకు తళతళలాడే పూత వేసే కంపెనీ అది. అతని పనేమిటంటే, పీసును ఆసిడ్ తొట్టిలో ముంచి, లెక్కపెట్టి తీసి, తీసిన మరుక్షణం మంచినీళ్ళ తొట్టిలో జాడించాలి. ఆలస్యమైతే ఆసిడ్ పీసును తినేస్తుంది. ముప్పై ఏళ్ళలో సాంబయ్య చేతిలో చెడిపోయిన పీసులు పది కూడా ఉండవని సూపర్‌వైజర్లే చెబుతారు. ఇంట్లో చెంచా కడిగినా మూడుసార్లు జాడించే మనిషి.

భార్య సారలమ్మ పోయాక వంట కూడా ఆయనే. కూతురు ఉప్పల్‌లో ఒక నర్సింగ్ హోమ్‌లో డ్యూటీ డాక్టర్‌గా చేరితే, రోజూ మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పట్టుకుని అక్కడికి పోయేవాడు. డబ్బా ఇచ్చి వచ్చేస్తాడా అంటే, రాడు. రిసెప్షన్ పక్కన కుర్చీలో కూర్చుని, వచ్చిన ప్రతి మనిషినీ పలకరించి, ఏ మిషను ఏం చేస్తుందో, ఏ సూది ఎందుకు వేస్తారో అడిగి తెలుసుకునేవాడు. నెల తిరగకముందే అక్కడి నర్సులు కొత్తవాళ్ళకు దారి చూపించమని సాంబయ్యకే అప్పజెప్పేవారు. "మా డాక్టరమ్మ కంటె వాళ్ళ బాపుకే ఎక్కువ తెలుసు," అని ఆటపట్టించేవారు.

ఆ అలవాటే మానసకు భయం పట్టించింది. ఎందుకో చెప్పాలంటే నాలుగేళ్ళు వెనక్కి పోవాలి.

ఆ ఎండాకాలం సారలమ్మకు మెడ పక్కన ఉసిరికాయంత గడ్డ లేచింది. మానస అప్పుడు ఆదిలాబాద్ హాస్టల్లో ఎంబీబీఎస్ ఆఖరు సంవత్సరం పరీక్షలకు చదువుతోంది. "పరీక్షలు అయ్యేదాక బిడ్డకు సెప్పొద్దు," అని సారలమ్మ మొగుడి చేత ఒట్టు వేయించుకుంది. ఒక చిన్న ఆసుపత్రిలో గడ్డ తీసేశారు. తీసిన ముక్కను పరీక్షకు పంపాలన్నారు. మన దగ్గర పంపడమంటే తెలిసిందేగా, ముక్కను సీసాలో వేసి, చీటీ రాసి, పేషెంటు మనిషి చేతిలోనే పెడతారు. అది శనివారం సాయంత్రం. సాంబయ్య పోయేసరికి ల్యాబు మూసేశారు. సోమవారం ఇద్దామని సీసాను ఇంటికి తెచ్చాడు.

మూత కాస్త వదులుగా ఉన్నట్టుంది, లోపలి మందు ఘాటు కళ్ళల్లోకి కొట్టింది. ఏళ్ళ తరబడి ఆసిడ్ తొట్టి దగ్గర నిలబడ్డ మనిషికి ఆ ఘాటు ఒక్కటే మాట చెప్పింది, ఇది పీసును తినేసే మందు అని. రెండు రోజులు ఇందులో నానితే సారలమ్మ ముక్క ఏం మిగులుతుంది? మందు పారబోశాడు. ముక్కను ఎంతో జాగ్రత్తగా మూడుసార్లు జాడించాడు. కాచి చల్లార్చిన నీళ్ళు పోసి, మూత గట్టిగా బిగించి, గూట్లో పెట్టాడు.

ఆ ఘాటు మందే ముక్కను కాపాడేది. మంచినీళ్ళలో, ఆ మే నెల ఉక్కలో, రెండు రోజుల్లో ముక్క చెడిపోయింది. దాన్ని చూసి ఏమీ చెప్పలేమని, మళ్ళీ ముక్క తీసి పంపాలని ఇంగ్లీషులో రిపోర్టు వచ్చింది. ఆసుపత్రికి పోతే డాక్టరు ఊళ్ళో లేడు. కౌంటర్‌లో అమ్మాయి కాగితం చూసి, "ఏం తేలలేదట, సారొచ్చినంక రాండ్రి," అంది. గడ్డ తీసేశారు, పుండు మానింది, రిపోర్టులో ఏమీ తేలలేదు. సారలమ్మ గండం గడిచిందనుకుంది. నాకు మిఠాయి కూడా పెట్టింది. ఇంకెవరూ మళ్ళీ ఆ ఆసుపత్రి మెట్లెక్కలేదు.

దసరాకు మెడ రెండు వైపులా గడ్డలు లేచాయి. ఈసారి రోగం పేరు తేలింది, క్యాన్సర్ అని. అప్పటికి అది మెడ దాటి కడుపులోకి దిగింది.

మానస వచ్చి పాత కాగితాలన్నీ తిరగేసింది. మేలో వచ్చిన రిపోర్టు దగ్గర ఆగిపోయింది.

"బాపు, ఈ ముక్క ల్యాబుకు ఎట్ల తీస్కపోయినవ్?" అని అడిగింది.

"మస్తు మంచిగ కడిగి తీస్కపోయిన బిడ్డా. వాళ్ళు ఏదో ఘాటు మందుల ఏసిచ్చిన్రు. ఏం తెల్వదు వాళ్ళకు," అన్నాడు సాంబయ్య, పని తెలిసినవాడి ధీమాతో.

మానస ఆ కాగితం మడిచి తన సంచిలో పెట్టుకుంది. ఇంకొక్క ప్రశ్న అడగలేదు. ఫిబ్రవరిలో సారలమ్మ పోయింది. ఏం జరిగిందో మానసకు ఒక్కదానికే తెలుసు. అది తండ్రి చెవిన పడకూడదు, అంతే. అప్పటినుంచి ఆ పిల్ల బతుకంతా ఆ కాపలాకే సరిపోయింది.

ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ముందే తెలిసుంటే నేను చేసిన పని చేసేవాణ్ణి కాదు.

కౌన్సెలింగ్‌కు కాలేజీల పేర్లు వరసగా పెట్టుకోవాలి కదా. ఏది ముందు కావాలో అది ఒకటో నంబరు, తర్వాతది రెండు. దాన్నే ఆప్షన్లంటారు. మర్నాడు సాయంత్రం అయిదింటికి గడువనగా మానస నా దుకాణానికి వచ్చి, "మామా, ఈ లిస్టు ఒక ప్రింటు తియ్యి. మళ్ళొకసారి సూస్కొని రేపు లాక్ జేస్త," అంది.

ప్రింటు తీసే ప్రతి కాగితాన్నీ చదివే దుర్గుణం నాకుంది. ఊళ్ళో ఎవరి వయసు ఎంతో, ఎవరికి ఎన్ని మార్కులొచ్చాయో నాకు తెలిసినట్టు వాళ్ళ ఇళ్ళల్లో కూడా తెలియదు. లిస్టులో ఒకటి ఓరుగల్లు. రెండు నిజామాబాద్. అలా పోయి పోయి, పట్నంలోని పెద్ద సర్కారు దవాఖాన కాలేజీ తొమ్మిదో నంబరులో ఉంది.

"ఏందే పిల్లా, నీ ర్యాంకుకు పెద్ద దవాఖానల సీటు ఖాయమంటున్నరు గద. తొమ్మిదిల పడేసినవేంది? అంత నాసిదా అది?"

"నాసిదా!" మానస నా మీదికి లేచింది. "రాష్ట్రంల ఏ మూల ముక్క దీసినా ఆఖరికి ఆడికే వస్తది మామా. వేరే కాడ మూడేండ్లల్ల సూసేటివి ఆడ ఆర్నెల్లల్ల సూడొచ్చు. ఆ మేడమ్‌ల పక్కన కూసుంటే సాలు..." అంటూ ఆగిపోయింది.

"మరి?"

"మరేం లేదు. నా ఇష్టం. బాపుకు సెప్పకు."

సరేనన్నాను. నా మాట ఛాయ్ చల్లారేంతసేపు నిలబడింది. షిఫ్టు దిగి వస్తున్న సాంబయ్యను దుకాణం ముందే ఆపి మొత్తం చెప్పేశాను. నా లెక్క నాకుంది. తల్లి లేని పిల్ల, తండ్రికి ఖర్చని దాచుకుంటోందో, పెద్ద దవాఖానంటే జంకుతోందో. పోయి మనం ఒకసారి కళ్ళారా చూసొస్తే, ధైర్యం చెప్పొచ్చు.

"బావ, రేపు పొద్దుగాల పోయి సూసొద్దాం. మంచిగుంటె బిడ్డకు మనమే నచ్చజెప్దాం," అన్నాను.

"పోదాం బావ. అసలు వాళ్ళు ఏం పని జేస్తరో నాగ్గూడ సూడాలనుంది," అన్నాడు సాంబయ్య. ఆయన ముఖం వెలిగిపోయింది.

మర్నాడు ఆయన సెలవు పెట్టాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి పోయాం. పెథాలజీ వాళ్ళ విభాగం దవాఖాన వెనక పాత భవనంలో రెండో అంతస్తు. మెట్లెక్కగానే ఒక కిటికీ, దాని ముందు సీసాలు పట్టుకున్న జనం. కిటికీ లోపల పరంధామయ్య అనే అటెండర్ ఒక్కో సీసా మూత కొంచెం తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, దూరం జరిపి, చీటీ చూసి లోపలికి పంపిస్తున్నాడు. సాంబయ్యకు ఆ పద్ధతి నచ్చింది. పక్కనే నిలబడి చూడసాగాడు.

ఒక ముసలమ్మ వంతు వచ్చింది. పరంధామయ్య ఆమె సీసా వాసన చూశాడు. మళ్ళీ చూశాడు.

"అమ్మా, ఇండ్ల మందేది? నీళ్ళు పోసినవా?"

"వాసనొస్తుంటె బస్సుల అందరు మొత్తుకున్నరు కొడుకా. జర కడిగి మంచినీళ్ళు పోసిన."

"అయిపాయె! అవ్వా, ఆ మందుంటేనే ముక్క ఆగుతది. నీళ్ళు పోస్తె కుళ్ళుతది. ఎప్పుడు పోసినవ్?"

"గిప్పుడే, గంటైంది."

"గంటనే గదా, జర నయం. మందు పోసి లోపలికి పంపుత. ఇంకోసారి గిట్ల జెయ్యకు."

ముసలమ్మ దండం పెట్టి పక్కకు జరిగింది. సాంబయ్య కిటికీ దగ్గరికి పోయాడు.

"సారూ, గంట గాకుండ... రెండు దినాలు నీళ్ళల్ల ఉంటె?"

"రెండు దినాలా? గది ముక్క గాదన్నా, గంజి. ఏ డాక్టరు సూసినా ఏం తెలుస్తది దాంట్ల?"

"కడిగి పెడితె? మంచిగ, మూడుసార్లు కడిగి, కాగబెట్టిన నీళ్ళల్ల పెడితె?"

"ఎన్నిసార్లు కడిగినా గంతే. నీ ముక్క ఏదన్నా? ఇటియ్యి, సూస్త."

"నా దగ్గర లేదు సారు," అన్నాడు సాంబయ్య. "ఎప్పుడో ఇచ్చిన."

అప్పుడైనా నాకు బుర్ర వెలగాలి. వెలగలేదు. తిరుగు దారిలో సాంబయ్య తన అరచేతులే చూసుకుంటూ కూర్చుంటే, ఆ వాసన ఇంకా వదల్లేదేమో అనుకున్నాను. నవ్విద్దామని, "ఆ పరంధామయ్య ముక్కుకు సర్కారు అవార్డు ఇయ్యాలె బావ," అన్నాను. ఆయన నవ్వలేదు. ఆ జోకు తలుచుకుంటే నాకు ఇవాళ్టికీ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఉప్పల్ స్టేషన్ వచ్చింది. సాంబయ్య లేవలేదు. ఆయన లేవలేదని నేనూ లేవలేదు. ఇద్దరం నాగోల్ దాకా పోయి, బండి ఖాళీ చేయమంటే దిగి, ఇంకో బండెక్కి వెనక్కొచ్చాం.

దుకాణం తాళం తీయగానే సాంబయ్య నా ముందు కూర్చున్నాడు.

"బావ, ఇలాజుకని స్కాన్ జేసిన సారలమ్మ కాయితాలన్ని నీ కంప్యూటర్ల ఉన్నయి గద. మే నెలల వచ్చిన రిపోర్టు తీసి సదువు."

తీశాను. మనసులో చదువుకున్నాను. నా ఇంగ్లీషు అంతంతమాత్రమే, అయినా అర్థమయ్యేంతవరకు అర్థమైంది. అప్పుడు వెలిగింది నా బుర్ర. మానస తొమ్మిదో నంబరు కూడా అప్పుడే అర్థమైంది.

"కనబడుతలేదు బావ. డిలీట్ అయినట్టుంది," అన్నాను.

"అబద్ధమాడినప్పుడల్ల కండ్లద్దాలు తుడుస్తవ్ నువ్వు," అన్నాడు సాంబయ్య. "సదువు."

చదివాను. తెలుగులో చెప్పాను. ఎంత మెత్తగా చెబుదామనుకున్నా, ముక్క చెడిపోయిందన్న మాటకు మెత్తటి మాట దొరకలేదు.

నాలుగు గంటలకు మానస వచ్చింది. తండ్రిని ఆ వేళప్పుడు నా దుకాణంలో చూసి, తెర మీద తెరిచి ఉన్న రిపోర్టు చూసి, గడప దగ్గరే నిలబడిపోయింది. నా వైపు ఒక్కసారి చూసింది. తిట్టినా బాగుండేది.

"ఎప్పటిసంది ఎరుక బిడ్డా?" అన్నాడు సాంబయ్య.

"దేని గురించి బాపు?"

"నీళ్ళ గురించి."

మానస లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చుంది. "రిపోర్టు సూసిన్నాడే."

"అంటె మీ అమ్మ ఉన్నప్పుడే."

"ఆఁ."

"అమ్మకు సెప్పినవా?"

"లే. ఎవ్వలకు సెప్పలే."

"గందుకేనా ఓరుగల్లు?"

"ఈడైతె నువ్వు రోజు డబ్బా తీస్కొని వస్తవ్. వస్తె ఊకుంటవా? ఆ కిటికీ కాడ నిలబడి అన్ని అడుగుతవ్."

"అడిగిన. ఇయ్యాల్నే అడిగొచ్చిన." సాంబయ్య గొంతు మామూలుగానే ఉంది. "మూడేండ్ల సంది నా చేతి అన్నం ఎట్ల తిన్నవే?"

"ఆకలైతుండె, తిన్న," అంది మానస. అని, ఏడ్చింది.

సాంబయ్య ఏడవలేదు. కూతురు కళ్ళు తుడుచుకునేదాకా ఆగాడు. "ఒక్కటి అడుగుత. ఉన్నదున్నట్టు సెప్పు. నేను నీళ్ళు పోయకపోతె మీ అమ్మ బతుకుతుండెనా?"

నేను మానస వైపు చూస్తూ మనసులో మొక్కుకున్నాను, లేదని చెప్పు తల్లీ, ఎట్లాగూ పోయేదని చెప్పు, నీ సొమ్మేం పోతుంది అని. డ్యూటీ డాక్టర్‌గా ఉన్నప్పుడు రోజుకు పదిమందికి, ఏం కాదు తాతా, తగ్గిపోతుంది అవ్వా అని చెప్పే పిల్ల. ఆ మాత్రం అబద్ధం ఆమెకు కష్టం కాదు. మూడేళ్ళుగా తనకు తానే ఆ ప్రశ్న వేసుకుని ఉంటుంది.

"తెల్వదు బాపు," అంది.

"డాక్టర్‌వు గద."

"డాక్టర్‌ను గాబట్టే సెప్తున్న. ముక్క మంచిగుంటె అయిదు నెల్లు ముందుగాల పేరు తెలుస్తుండె. మందు షురూ అయితుండె. ఆ మందుకు శానమంది బతుకుతరు. అందరు బతకరు. అమ్మ దేంట్ల ఉంటుండెనో నాకు తెల్వదు. ఆ ముక్క ఉంటె గద తెలిసేది."

జిరాక్స్ కోసం ఎవరో వస్తే కరెంటు లేదని పంపించాను. తల మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"టైమెంతైంది?" అన్నాడు సాంబయ్య.

"నాలుగు ముప్పావు."

"పెద్ద దవాఖానది పైకి జరుపు."

"బాపు, ఇప్పుడు గది గాదు..."

"జరుపు. నేను ఎరుక జేస్కునుడు అయిపోయింది. ఇంక దేనికి ఓరుగల్లు? అంత దూరం నువ్వెందుకు పోవాలె నా కోసం?" అన్నాడు. కొంచెం ఆగి, "ఆడికి నేను రాను. నీకు డబ్బా పొద్దుగాల్నే కట్టిస్త," అన్నాడు.

"రావాలె నువ్వు."

"ఆ కిటికీ కాడ నిలబడలేను బిడ్డా. నన్ను గుంజకు."

మానస పెద్ద దవాఖానను ఒకటో నంబరులోకి జరిపింది. ఫోన్‌కు వచ్చిన నంబరు కొట్టి లాక్ చేసింది. నేను ప్రింటు తీసి ఇచ్చాను. ఆ ఒక్క కాగితాన్ని మాత్రం చదవలేదు.

సీటు అక్కడే వచ్చింది. మానస చేరి ఏడాది దాటింది. బాగా పని నేర్చుకుంటోందని, మేడమ్‌లు మెచ్చుకుంటున్నారని ఉప్పలయ్య మైకు లేకుండానే ఊరంతా చెబుతున్నాడు. తండ్రీ కూతుళ్ళు పోట్లాడుకోలేదు. నీళ్ళ మాట మళ్ళీ ఎత్తుకున్నట్టు కూడా లేదు. పొద్దున్నే డబ్బా కట్టిస్తాడు. ఉప్పల్ స్టేషన్ దాకా బండి మీద దింపి వస్తాడు.

మొన్న ఏడింటికి దుకాణం మూసి వస్తుంటే, సాంబయ్య వాళ్ళ ఇంటి బయట గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. లోపల లైటు వెలుగుతోంది.

"ఏం బావ, బయట నిలబడ్డవ్?"

"బిడ్డ అన్నం తింటుంది."

"నువ్వు తినలేదా?"

"అది తిన్నంక తింట."

"కలిసి కూసుంటె ఏం బోయింది?"

సాంబయ్య గల్లీలో పోతున్న ఆటో దాటేదాకా చూశాడు.

"వండుత, వడ్డిస్త బావ. అది నోట్ల పెట్టుకునేటప్పుడు సూడలేను. అది ఊకె అన్నం తిన్నట్టుండదు నాకు. నన్ను ఓర్సుకున్నట్టుంటది."

లోపలినుంచి మానస గొంతు వినిపించింది. "బాపూ, కూర మంచిగైంది. రా, తిందాం."

"వస్తున్న, నువ్వు తిను," అన్నాడు సాంబయ్య. అక్కడినుంచి కదల్లేదు.

నేను కూడా గోడకు ఆనుకుని నిలబడ్డాను. నేనేదన్నా మాట్లాడితే ఏమవుతుందో ఈపాటికి నాకు తెలుసు. లోపల మానస ఇంకోసారి పిలిచింది. తర్వాత పిలవడం మానేసింది.